కుడిచేతి వాటం, ఎడమ కన్ను డామినెంట్: పిస్టల్‌కి చెయ్యి మార్చాలా?

కుడిచేత్తో ఎయిర్ పిస్టల్ కాలుస్తున్నాను, డామినెంట్ కన్ను (గురి చూసేటప్పుడు మెదడు ఎక్కువగా నమ్మే కన్ను) మాత్రం ఎడమది, ఎడమచేతికి మారిపోవాలా అని అడిగారు. వద్దండి, తొందరపడకండి. నాదీ ఇదే పరిస్థితి. అది తెలియక ఎనిమిది నెలలు కుడి కన్నుతోనే కుస్తీ పట్టాను.

ముందు పరీక్ష మళ్ళీ చేసుకోండి. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతుల మధ్య చిన్న సందు పెట్టి, రెండు కళ్ళతో దూరంగా ఉన్న గోడ గడియారాన్ని అందులోంచి చూడండి. ఒక్కో కన్నూ మూస్తూ పోతే, ఏ కన్ను మూసినప్పుడు గడియారం మాయమవుతుందో అదే డామినెంట్. నాలుగైదుసార్లు చేయండి, కొందరికి తేడా అంత గట్టిగా ఉండదు. చూపు బాగున్న కన్నే డామినెంట్ అవ్వాలనీ లేదు.

నాకు పిస్టల్ ఎత్తగానే ఫ్రంట్ సైట్, అంటే గొట్టం చివర గురి చూసే ముక్క, రెండుగా కనిపించేది. ఒకదాన్ని పట్టుకుని గురి కుదిరింది అనుకుని ట్రిగ్గర్ నొక్కేలోపు రెండోది ముందుకొచ్చేసేది. దాంతో పెల్లెట్లు కాగితం మీద అడ్డంగా పరుచుకునేవి, ఎత్తు మాత్రం దాదాపు ఒకటే. పది మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే కదా. ముందు, వెనక సైట్ల మధ్య 33 సెంటీమీటర్లు ఉందనుకుంటే, ఫ్రంట్ సైట్ వెనక సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటర్ పక్కకి జరిగినా కాగితం మీద 30 మిల్లీమీటర్లు తేడా వస్తుంది, అంటే పది పడాల్సిన చోట ఏడు. ఎడమ కన్ను మూసి కూడా కాల్చి చూశాను, పదిహేను షాట్లకే చెంప లాగేసేది.

రైఫిల్ అయితే బట్ (వెనక భాగం) భుజానికీ చెంపకీ ఆనుతుంది కాబట్టి ఇబ్బందే, పిస్టల్ చేతి చివర ఉంటుంది, ఎడమ కన్ను ముందుకి తెచ్చుకుంటే చాలు. గడ్డం కొంచెం కుడివైపు తిప్పండి, మెడ మాత్రం వంచకండి. మణికట్టు విరిచి సర్దుకోవద్దు, నిలబడే తీరు మార్చండి: కళ్ళు మూసుకుని పిస్టల్ ఎత్తి, తెరిచి చూస్తే టార్గెట్ పక్కకి ఉందంటే వెనక కాలు జరపాలి. చూపు ఫ్రంట్ సైట్ మీదే, టార్గెట్ మసగ్గా ఉన్నా పర్లేదు.

కళ్ళజోడులో కుడి కంటి అద్దం మీద మసక టేపు అతికించండి. నల్లది వద్దు, ఒక కంటికి వెలుతురు పూర్తిగా ఆపేస్తే రెండో కంటిపాప కూడా పెద్దదై సైట్ అంచులు చెదురుతాయి. పోటీలకి వెళ్తే ఆ అడ్డు వెడల్పు 30 మిల్లీమీటర్లు దాటకూడదు.

ఒక్క మాట, షాట్లన్నీ కింద ఎడమవైపు పడుతుంటే కంటిని అనకండి, అది చాలాసార్లు ట్రిగ్గర్ గుంజడమే.

మొదటి రెండు వారాలు స్కోరు తగ్గుతుంది, నాకూ తగ్గింది. తెల్ల గోడ ముందు డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) చేస్తూ ఉండండి. అప్పటికీ సైట్ రెండుగా కనిపిస్తుంటే టేపుని ముక్కు వైపుకి జరపండి. పిస్టల్ ఎడమ కంటి ముందు ఉంది కాబట్టి కుడి కన్ను దాన్ని ఆ మూలలోంచే దొంగచాటుగా చూస్తుంది.