అమ్మ మొదటిసారి దుబాయ్ వెళ్తోంది, హ్యాండ్ బ్యాగులో ఏం పెట్టాలి?

మీ అమ్మగారు హన్మకొండ నుంచి శంషాబాద్ వచ్చి ఒక్కరే విమానం ఎక్కుతున్నారు కదా, ముందు తొక్కు సీసా సంగతి చూడండి. మామిడికాయ తొక్కు, నెయ్యి, కారంపొడి హ్యాండ్ బ్యాగులో వద్దు, గట్టిగా ప్యాక్ చేసి చెకిన్ లగేజీలో పెట్టండి. సకినాలు, గారిజలు పొడివే కాబట్టి చేతి సంచిలో ఉన్నా ఇబ్బంది లేదు.

అంతర్జాతీయ ప్రయాణంలో నూనె, షాంపూ, క్రీము లాంటివి ఒక్కో డబ్బా 100 మి.లీ. దాటకూడదు, అన్నీ కలిపి లీటరు పట్టే పారదర్శక జిప్ కవర్లో సర్దాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు: సెక్యూరిటీ వాళ్లు చూసేది డబ్బా సైజు, లోపల ఎంత మిగిలిందన్నది కాదు. మా అమ్మ 200 మి.లీ. కొబ్బరినూనె సీసాలో అడుగున రెండు చెంచాల నూనె మిగిలితే అదే పెట్టుకుంది, స్కానర్ దగ్గర తీసేశారు, పాపం ఆమె ఎంత టెన్షన్ పడిందో.

పవర్ బ్యాంక్ మాత్రం దీనికి రివర్స్, చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్‌లో వేయకూడదు, ఎందుకంటే లోపలి లిథియం బ్యాటరీ విమానం అడుగు సామాన్ల గదిలో అంటుకుంటే ఆర్పడం కష్టం. దాని మీద 20,000 ఎంఏహెచ్ అని ఉంటే దాదాపు 74 వాట్ అవర్లు, పరిమితి అయిన 100 లోపే కాబట్టి పర్లేదు.

కత్తెర, అగ్గిపెట్టె తీసేయండి. బీపీ మాత్రలు, డాక్టర్ చీటీ బ్యాగు పైజేబులో పెట్టండి. ఫోను, పవర్ బ్యాంక్ ట్రేలో విడిగా పెట్టాలని ఇంట్లోనే ఒకసారి చేయించి చూపించండి.