సమాధానం: హాస్టల్ నుంచి వచ్చిన ఇంటర్ అబ్బాయి గదిలోంచి బయటికి రావట్లేదు

మీ అబ్బాయిది బద్ధకం కాదండీ, డిప్రెషన్ కావచ్చు. నెల రోజులుగా నిద్ర లేదు, తిండి తగ్గింది, ప్రాణమైన క్రికెట్ కూడా మానేశాడు, ఏమడిగినా కసురుకుంటున్నాడు అన్నారు. ఈ వయసులో దిగులు చాలాసార్లు కోపంగానే బయటపడుతుంది. ఇవి రెండు వారాలు దాటితే డాక్టర్‌కి చూపించాల్సిందే.

1. ఇవాళే విడిగా కూర్చుని మాట్లాడండి. మార్కుల ఊసెత్తకండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా నాన్నా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు కానీ అలా జరగదు, చెప్పుకోడానికి దారి దొరికి వాడికే కాస్త తేలికవుతుంది. అవునంటే తిట్టకండి, ఒట్లు వేయించుకోకండి. ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు, మాత్రలు అందకుండా తీసేయండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

3. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. వాడు ఒప్పుకోకపోతే మీరే చేసి అడగొచ్చు.

4. సైకియాట్రిస్ట్‌కి చూపించండి. ప్రభుత్వ వైద్యమైతే హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో మానసిక వైద్యశాలలున్నాయి.

హాస్టల్‌కి తిరిగి పంపడం మాత్రం డాక్టర్ చూసి సరేనన్నాకే.