గుంటూరు స్కాన్లు, న్యూజెర్సీ ఫోల్డరు, మధ్యలో మన స్క్రిప్టు

తమ్ముడూ, ఇంటి నుంచి వచ్చే స్కాన్లు ఫోల్డర్లో పడగానే వాటంతట అవే పేరు మారి సర్దుకునేలా స్క్రిప్టు రాయొచ్చా అని అడిగావు. రాయొచ్చు. అమెరికా వచ్చిన కొత్తలోనే రాసి పెట్టుకో. ఎందుకంటే, ఇక్కడ టాక్స్ లెక్కకి రెసిడెంట్ అయ్యాక, ఇండియాలో నీ పేరున్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఫారం) వెయ్యాలి, నాన్నతో జాయింటుగా ఉన్నవీ లెక్కలోకే వస్తాయి. మన బ్యాంకుల లెక్క ఏప్రిల్ నుంచి మార్చి, వీళ్లది జనవరి నుంచి డిసెంబరు. అందుకని నెలనెలా స్టేట్‌మెంట్లు చేతిలో ఉండాల్సిందే.

నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. మా తమ్ముడు బ్రాడీపేటలో జిరాక్స్ షాపులో స్కాన్ చేయించి, ఇంటికొచ్చి ఎస్ఎఫ్‌టీపీలో (నెట్ మీద ఫైళ్లు భద్రంగా పంపే పద్ధతి) నా లైనక్స్ మెషీన్‌కి ఎక్కించేవాడు. వాడికి పొద్దున ఎనిమిదిన్నరంటే ఎండాకాలంలో నాకు రాత్రి 11, నేను పడుకునే టైము. నా స్క్రిప్టు ఐనోటిఫైవెయిట్‌తో (ఫోల్డర్లో మార్పు జరగ్గానే చెప్పే, లైనక్స్‌లోని ఐనోటిఫైని వాడే కమాండు) 'క్రియేట్' సంకేతం కోసం చూసేది, రాగానే కొత్త పేరుతో కాపీ తీసి అసలుది చెరిపేసేది. క్రియేట్ అంటే ఫైలు పుట్టిందనే తప్ప పూర్తయిందని కాదు కదా! పొలం దస్తావేజు 14 పేజీలు ఇంకా ఎక్కుతుండగానే స్క్రిప్టు దాన్ని పట్టుకుపోయింది. తమాషా ఏంటంటే, లైనక్స్‌లో రాస్తున్న ఫైలుని చెరిపినా రాయడం ఆగదు, పేరు లేని ఫైలులోకి చివరిదాకా రాసి, వాడి స్క్రీన్ మీద వంద శాతం అని చూపించింది. పొద్దున్నే చూస్తే నా దగ్గర తెరుచుకోని పీడీఎఫ్ ముక్క. "అన్నా, నేను పంపానుగా" అని వాడు, "నాకు రాలేదురా" అని నేను, వారం రోజులు ఇదే గోల.

అందుకని 'క్లోజ్ రైట్' కోసం చూడు, అంటే రాయడం ముగించి ఫైలు మూశాక వచ్చే సంకేతం. దాంతోపాటు 'మూవ్డ్ టు' కూడా పెట్టు, సింక్‌థింగ్ లాంటి, రెండు మెషీన్ల ఫోల్డర్లని ఒకేలా ఉంచే ప్రోగ్రాములు వేరే పేరుతో దించి పూర్తయ్యాక అసలు పేరు పెడతాయి, అప్పుడు అసలు పేరు మీద నీకు వచ్చేది ఇదే. విండోస్, మ్యాక్ వాడితే పైథాన్‌లో ఇలాగే ఫోల్డరుని కనిపెట్టుకుని ఉండే వాచ్‌డాగ్ ఉంది, కానీ అక్కడ ఫైలు మూశాక వచ్చే సంకేతం ఉండదు, సైజు కాసేపు మారకుండా ఉందో లేదో నువ్వే చూసుకోవాలి. అయితే ఒకటి, అప్‌లోడ్ మధ్యలో నెట్ పోయినా ఫైలు మూసుకుంటుంది, కాబట్టి పీడీఎఫ్ తెరుచుకుంటుందో లేదో చూశాకే ముందుకెళ్లనీ. అసలుది మాత్రం ఎప్పుడూ చెరపకు, 'అయినవి' అని ఇంకో ఫోల్డరు పెట్టి అందులోకి జరుపు.

ఫోల్డరు నెట్‌వర్క్ డ్రైవు మీద ఉంటే ఐనోటిఫైని నమ్ముకోకు, అవతలి మెషీన్ రాసింది దానికి తెలియదు. క్రాన్‌లో (చెప్పిన టైముకి పనులు నడిపేది) అయిదు నిమిషాలకోసారి చూసి, రెండు నిమిషాలుగా మారని ఫైళ్లనే తీసుకుంటే చాలు. మొదటిసారి నడుస్తున్నది ముగియకముందే స్క్రిప్టు రెండోసారి మొదలవకుండా ఎఫ్‌లాక్ అనే తాళం కమాండు తగిలించు.

ఇంకోటి, మన వాళ్లు ఫైలుకి "నాన్న పాస్‌బుక్ కొత్తది (2)" అని మధ్యలో ఖాళీలతోనే పేరు పెడతారు, మార్చమన్నా మార్చరు. స్క్రిప్టులో ఫైలు పేరు వచ్చిన ప్రతిచోటా డబుల్ కోట్స్ వేసుకో, లేకపోతే ఖాళీ ఉన్నచోటల్లా పేరు ముక్కలైపోతుంది.