నాలుగు గంటల్లో అయిదు చోట్లా?

ప్రశ్న: మేము చెన్నై పెరంబూరులో ఉంటాం. డిసెంబరులో అండమాన్ వెళుతున్నాం. అమ్మకు 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అమ్మాయి తొమ్మిదో తరగతి. స్వరాజ్ ద్వీప్‌లో మూడు రోజులు ఉండి, బుధవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు పోర్ట్ బ్లెయిర్ జెట్టీలో దిగుతాం. మర్నాడు పొద్దున్నే విమానం. ఆ ఒక్క మధ్యాహ్నానికి మా కుటుంబానికే ప్రత్యేకంగా కారు, గైడు ఇస్తానని, నాలుగు గంటల్లో అయిదు చోట్లు చూపిస్తానని ఏజెంటు చెబుతున్నాడు. సెల్యులర్ జైలు, రాస్ ద్వీపం, సముద్రిక మ్యూజియం, చాథం రంపపు మిల్లు, చివర చిడియా టాపులో సూర్యాస్తమయం. గైడు దండగ, కారు ఒక్కటి చాలని మా ఆవిడ అంటోంది. అమ్మకు తెలుగు తప్ప మరో భాష రాదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: ముందు మీ ఏజెంటును క్యాలెండరు చూసుకోమనండి. బుధవారం రాస్ ద్వీపానికి వారపు సెలవు. సందర్శకులను తీసుకువెళ్లే పడవలు ఆ రోజు నడవవు. అంటే అయిదు చోట్లలో ఒకటి ఇక్కడే పోయింది. ఇక చాథం మిల్లు ఊరికి ఉత్తరపు కొసన ఉంటే, చిడియా టాపు దక్షిణాన దాదాపు 25 కిలోమీటర్ల దూరంలో, దీవి అంచున ఉంది. ఈ రెంటినీ ఒకే పూటలో ఇరికించాలంటే మీరు చూసేది ఎక్కువగా కారు అద్దమే.

ఏజెంటును తిట్టే హక్కు నాకు పెద్దగా లేదు. ఎగ్మూరులో ఒక ప్రయాణాల ఆఫీసులో 26 ఏళ్లు పనిచేశాను. ఇలాంటి జాబితాలు నా చేత్తో ఎన్ని రాశానో. కారు ఆపకుండా కిటికీలోంచి చూపించినదాన్ని కూడా ఒక ‘చోటు’ కింద లెక్కకట్టేవాళ్లం. మూడు చోట్లు అంటే జనం బేరమాడతారు, అయిదు అంటే బేరం మాని బట్టలు సర్దుకోవడం మొదలుపెడతారు. ఆ పాపం నాకే తిరిగి తగిలింది. మావారు రిటైరయ్యాక ఇద్దరం అండమాన్ వెళ్లి ఇలాంటి టూరే తీసుకున్నాం. జైల్లో ముప్పావు గంటకే ‘పదండి, పదండి’ అన్న మనిషి, దారిలో ఒక ముత్యాల కొట్టు ముందు కారు ఆపి యాభై నిమిషాలు కూర్చోబెట్టాడు. సూర్యుడు అస్తమించాడన్న సంగతి కొట్లో లైట్లు వేశాక తెలిసింది.

సూర్యుడి సంగతి వచ్చింది కాబట్టి ఒక లెక్క. అండమాన్‌లోనూ మన గడియారమే, కానీ ఆ దీవులు చెన్నైకి చాలా తూర్పున ఉన్నాయి. అందువల్ల పొద్దు ముందే పొడుస్తుంది, ముందే గుంకుతుంది. డిసెంబరు నడుమ చెన్నైలో ఆరింటికి పావుగంట ముందు దాకా సూర్యుడు ఉంటే, అక్కడ అయిదింటికే వెళ్లిపోతాడు. ‘సాయంత్రం ఆరున్నర దాకా తిప్పుతాం’ అని ఎవరైనా అంటే, ఆఖరి గంటన్నర చీకట్లో తిప్పుతారన్నమాట.

జైలు హడావుడి లేకుండా చూడటానికి గంటన్నర కావాలి. అక్కడి నుంచి చిడియా టాపుకు రానుపోను రెండు గంటలు. ఒడ్డున కూర్చోవడానికి అరగంటైనా వద్దా? నాలుగు గంటలు అయిపోయాయి. కాబట్టి ఈ రెండే పెట్టుకోండి. జెట్టీ నుంచి బసకు వెళ్లి, సామాను పడేసి, భోజనం చేసి ఒంటిగంటన్నరకు జైలు గేటు దగ్గర ఉండండి. మూడు దాటగానే బయలుదేరితే నాలుగుంపావుకు సముద్రం ఒడ్డున ఉంటారు. మెరీనాలో పుట్టి పెరిగినవాళ్లం, సముద్రంలోంచి లేచే సూర్యుడినే గాని సముద్రంలోకి దిగే సూర్యుడిని ఎరగం. మీ అమ్మాయికి అది కొత్త. ఒడ్డున మొసళ్ల గురించి హెచ్చరిక బోర్డులు కనిపిస్తాయి. అవి అలంకారానికి పెట్టినవి కావు, నీళ్లలోకి దిగనివ్వకండి.

ఇక గైడు. మీ ఆవిడ చెప్పినదాంట్లో సగం నిజం. చిడియా టాపులో గైడు ఎందుకు? సూర్యుడిని వేలు పెట్టి చూపించాల్సిన పని లేదు. జైలు విషయం వేరు. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించిన కట్టడం అది. నడుమ ఒక బురుజు, దాని చుట్టూ సైకిలు చక్రం ఊచల్లా ఏడు కొమ్మలు ఉండేవి. ఇప్పుడు మూడే మిగిలాయి. చెప్పేవాళ్లు లేకపోతే పొడుగాటి వరండాలు, వరసగా ఒకే రకం గదులు. పది గదులు చూశాక మీ అమ్మాయి ఫోను తీస్తుంది, ఆమె తప్పేమీ కాదు.

రెండోసారి మా అక్కయ్యను తీసుకుని వెళ్లాను. బస చేసినచోట అడిగితే ఒక తెలుగు కుర్రవాడిని పంపారు. వాళ్ల తాతగారిది శ్రీకాకుళం వైపట. అతను తేదీలేవీ అప్పజెప్పలేదు. ఒక గది ముందు ఆగి, అక్కయ్యను లోపలికి వెళ్లమని ఊచల తలుపు మూశాడు. ఆ తలుపు గడియ మన ఇళ్లలోలాగా తలుపు మీదే ఆగదు. పొడుగ్గా సాగి, పక్కగోడలో తొలిచిన గూటిలోకి పోతుంది. తాళం పడేది ఆ గూటిలో. ‘అమ్మా, చెయ్యి బయటికి చాపి గడియ అందుకోండి’ అన్నాడు. అక్కయ్య నవ్వుతూ ఊచల మధ్య నుంచి చెయ్యి భుజం దాకా బయటపెట్టి గోడను తడిమింది. గాజులు ఊచలకు తగిలి గలగలమన్నాయి. వేళ్లు గూటి అంచు దాకా కూడా పోలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. అప్పటికి నవ్వు ఆగిపోయింది. తర్వాత అతను మమ్మల్ని వెనక్కి తిరగమన్నాడు. ఎదురుగా పక్క కొమ్మ వీపు. ఏ గదిలోంచి చూసినా అవతలి కొమ్మ వెనకగోడే కనిపించేలా కట్టారు, మనిషి ముఖం మనిషికి కనబడకుండా. మొదటిసారి మావారూ నేనూ అదే వరండాలో నడిచాం. మాకు గడియా కనిపించలేదు, గోడా కనిపించలేదు.

అందుకని మధ్యేమార్గం చెబుతాను. కారు నాలుగున్నర గంటల పాటు మాట్లాడుకోండి, గైడును జైలు వరకే పెట్టుకోండి. మీ ఆవిడకు ఖర్చు తగ్గుతుంది, మీ అమ్మగారికి కథ దక్కుతుంది. ‘కారు, గైడు’ అని ఏజెంటు అన్నప్పుడు ఇద్దరూ ఒకరేనా అని అడగండి. చాలాసార్లు డ్రైవరే గైడు. కారు నిలిపే చోటు వదిలి అతను లోపలికి రాడు, ‘చూసి రండి, ఇక్కడే ఉంటా’ అంటాడు. గంటల లెక్క జెట్టీలో దిగినప్పటి నుంచా, బస దగ్గర ఎక్కినప్పటి నుంచా? ప్రవేశ టికెట్లు ఎవరివి? దారిలో కొట్ల దగ్గర ఆపరు కదా? ఈ మూడూ ఫోన్లో అడిగి ఊరుకోకుండా రాతపూర్వకంగా తెప్పించుకోండి.

భాషకు బెంగ పడకండి. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు నూటికి 13 మంది. తమిళులు ఇంకొంచెం ఎక్కువ. తెలుగు వచ్చిన గైడు కావాలని రెండు రోజుల ముందే చెప్పి ఉంచితే దొరుకుతారు.

అమ్మగారి మోకాళ్ల విషయం. పై అంతస్తులు ఎక్కించే ప్రయత్నం చేయకండి. సావర్కర్ గది పైన ఉంది, దాన్ని మీ అమ్మాయి చూసి వస్తుంది. గడియలు, గదులు కింది వరసలోనూ అవే. ఉరికంబం, గానుగ కూడా కిందే ఉన్నాయి. గానుగ దగ్గర అమ్మగారిని కాసేపు నిలబెట్టండి. మన ఊళ్లలో ఎద్దును కట్టే గానుగకు అక్కడ మనిషిని కట్టి, రోజుకు 30 పౌన్లు, అంటే పదమూడున్నర కిలోల కొబ్బరినూనె తీయమనేవారు. గానుగ తిరగడం ఎలా ఉంటుందో మీ అమ్మాయికి గైడు కన్నా మీ అమ్మగారే బాగా చెబుతారు. గాం మల్లుదొర పేరు గైడు ఎత్తకపోతే మీరే అడగండి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు. అండమాన్ శిక్ష అనుభవించి వచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. తొమ్మిదో తరగతి పాఠంలో అల్లూరి ఉన్నా లేకపోయినా ఈయన ఉండడు.

పేర్ల తికమక ఒకటి ఉంది. 2018లో రాస్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. టికెట్టు మీద ఏ పేరు ఉన్నా కంగారు పడకండి. ఆటో అతను మాత్రం పాత పేరే అంటాడు, మనం మద్రాసు అన్నట్టు.

ప్రశ్న: బీచిలో ఏరిన గవ్వలు, పగడపు ముక్కలు ఇంటికి తెచ్చుకోవచ్చా? చిన్నవి తెచ్చుకోవచ్చని గైడు అన్నాడని మా చెల్లెలు చెబుతోంది.
– ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: వద్దు. పగడాలకు, చాలా రకాల గవ్వలకు, శంఖాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. చచ్చిన పగడపు ముక్క అయినా అంతే. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో పెట్టెలు వెతికినప్పుడు గైడు మీ పక్కన ఉండడు. మా మేనకోడలి కూతురు ఒక ముక్కను బూటులో దాచింది. ఎక్స్‌రేకు బూటైనా పెట్టైనా ఒకటే. ఆ ముక్క అక్కడి డబ్బాలో పడింది, పిల్ల చెన్నై దాకా ఏడుస్తూనే ఉంది. గవ్వల బొమ్మలు కావాలంటే అనుమతి ఉన్న కొట్లో కొని, రసీదు పైకి కనిపించేలా పెట్టెలో పెట్టుకోండి.

ప్రశ్న: అండమాన్‌లో బారాటాంగ్ దీవికి వెళ్లే దారిలో ఆదివాసులను దగ్గర నుంచి చూపిస్తామని, అందుకు ప్రత్యేకంగా కారు ఏర్పాటు చేస్తామని ఒకరు అంటున్నారు. ఖర్చు కొంచెం ఎక్కువ. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, అయనావరం

జవాబు: ఆ మనిషితో ఏ టూరూ మాట్లాడుకోకండి. ఇచ్చిన అడ్వాన్సు పోయినా సరే. ఆ దారి జరావా అనే ఆదివాసుల రక్షిత అడవి గుండా వెళుతుంది. 1956 నుంచి వాళ్ల రక్షణకు చట్టం ఉంది. జిర్కాటాంగ్ తనిఖీ కేంద్రం దగ్గర బళ్లన్నీ ఆపి, గుంపుగా, పోలీసు కాపలాతో వదులుతారు. మధ్యలో ఆగకూడదు, ఫొటో తీయకూడదు, తినుబండారం ఇవ్వకూడదు. అడవి గుండా రోడ్డు నడపడమే తప్పని, ఆ భాగంలో దాన్ని మూసేయమని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా బళ్లు నడుస్తూనే ఉన్నాయి, అది వేరే కథ. బారాటాంగ్‌లో సున్నపురాతి గుహలు ఉన్నాయి, బురద ఉబికే గుంటలు ఉన్నాయి. వాటి కోసం వెళ్లేవాళ్లు వెళ్లవచ్చు. తెల్లవారుజామునే బయలుదేరాలి, రోజంతా పడుతుంది. మనుషులను జూలో చూసినట్టు చూడటానికి ఎక్కువ డబ్బు ఇస్తానన్న మాట మాత్రం, క్షమించండి, చదవడానికే బాగాలేదు.

ప్రశ్న: గైడుకు విడిగా డబ్బు ఇవ్వాలా? భోజనం మనమే పెట్టించాలా?
– ఒక పాఠకురాలు, మడిపాక్కం

జవాబు: పూట టూరయితే భోజనం లెక్కలో లేదు. టీ తాగేటప్పుడు అతనికీ డ్రైవరుకూ చెప్పండి, అంతే. రోజంతా తిరిగితే మధ్యాహ్నం అరగంట వాళ్లకు వదిలేయండి. మన బల్ల దగ్గర కూర్చోమంటే చాలామంది మొహమాటపడతారు. విడిగా డబ్బు ఇవ్వడం మీ ఇష్టం. ఇస్తే ఏజెంటు చేతికి కాకుండా అతని చేతికే ఇవ్వండి.

మా అక్కయ్య ఆ శ్రీకాకుళం కుర్రవాడికి డబ్బుతోపాటు చెన్నై నుంచి తెచ్చిన అరిసెలు రెండు పొట్లం కట్టి ఇచ్చింది. అక్కడే ఒకటి కొరికి, ‘ఇవి మా నాయనమ్మ చేసేది’ అన్నాడు. వీటినేమంటారో గుర్తు రావడం లేదని, పేరు మాత్రం మమ్మల్ని అడిగాడు.