విడుదలకు ముందే గేమ్ ఆడి చూస్తే, అది మంచిదో కాదో తెలుస్తుందా?

తెలియదండి. ఆడి చూశాను, బాగుందనుకున్నాను, తర్వాత డబ్బులు పెట్టి కొన్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా గుంటూరులో ఎండాకాలం పుచ్చకాయల బండి దగ్గర నిలబడితే, బండివాడు కాయకు మూడు గాట్లు పెట్టి ఒక ముక్క పైకి లాగి చూపిస్తాడు. ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. ఇంటికొచ్చి కోస్తే ఒక్కోసారి సగం కాయ తెల్లగా, చప్పగా ఉంటుంది. గాటు ఎక్కడ పెట్టాలో అతనికి తెలుసు, మనకు తెలియదు. డెమో కూడా అంతే. పదిహేను నిమిషాలు ఆడిస్తారు. ఆ పదిహేను నిమిషాలు ఆటలో ఏ భాగం నుంచి కోసుకొచ్చారన్నది వాళ్ళిష్టం.

"విడుదలకు ముందు గేములు ఆడించే ప్రదర్శనకు ఎవరైనా వెళ్ళారా, అక్కడ ఆడినదాన్ని నమ్మి కొనొచ్చా" అని కదా మీరు అడిగింది. నేను వెళ్ళాను. వీడియో గేమ్ కంపెనీ నింటెండో వాళ్ళు 2025 ఏప్రిల్ 2న స్విచ్ 2 అనే కొత్త గేమ్ కన్సోల్ వివరాలు చెప్పి, జూన్ 5న అమ్మకానికి తెచ్చారు. ఆ మధ్యలో న్యూయార్క్, ప్యారిస్, లండన్, టోక్యో అంటూ ఊరూరా జనాన్ని పిలిచి ఆడించారు. అమెరికాలో మేముండే డాలస్ వంతు ఏప్రిల్ 25 నుంచి 27 వరకు. పేరు నమోదు చేసుకుంటే లాటరీలో టికెట్ ఇస్తారు. నాకు తగిలింది. మొదటిసారే తగిలిన లాటరీ నా జీవితంలో ఇదొక్కటే. హెచ్1బీ కూడా రెండో ఏడాదికి గానీ రాలేదు.

అసలు ఆ వారం నేను మంచి కోపం మీద ఉన్నాను. ముందస్తు బుకింగ్ ఏప్రిల్ 9న మొదలవ్వాలి. సుంకాల గొడవ వచ్చి 24కి వాయిదా పడింది. 23 రాత్రి పిల్లలు పడుకున్నాక లాప్‌టాప్ ఒకటి, ఫోన్ ఒకటి ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒక పెద్ద దుకాణం వెబ్‌సైట్ నన్ను లైన్‌లో నిలబెట్టి, కార్ట్‌లోకి వస్తువు వచ్చిందని చూపించి, డబ్బు కట్టబోతే కార్ట్ ఖాళీగా ఉందంది. ఇలా నాలుగుసార్లు. రాత్రి ఒంటి గంటకు మా ఆవిడ లేచి నీళ్ళు తాగుతూ "ఇంకా తత్కాల్ బుక్ అవ్వలేదా?" అని అడిగి వెళ్ళి పడుకుంది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాను. ఆ సైట్‌ను పరీక్షించినవాడెవడో ఒక్కసారి నా ఎదుట పడితే బాగుండు.

అలా కొనలేకపోయిన వస్తువును, రెండు రోజుల తర్వాత, ఇదిగో ఆడుకో అని చేతికిచ్చారు. ఆకలిగా ఉన్నవాడు పెళ్ళి భోజనాలకు వెళ్ళినట్టు వెళ్ళాను. ఆ స్థితిలో ఉన్నవాడి అభిప్రాయానికి విలువెంత ఉంటుందో మీరే ఆలోచించుకోండి.

నాతో మా అబ్బాయి వచ్చాడు. వాడికి పదకొండేళ్ళు. లోపలికి వెళ్ళగానే వాడు లాక్కెళ్ళింది మారియో కార్ట్ వరల్డ్ అనే బండ్ల పందెం ఆట దగ్గరికి. అందులో నాకౌట్ టూర్ అని కొత్త పద్ధతి పెట్టారు. 24 మంది ఒకేసారి పోటీ. ఊళ్ళమీదుగా, కొండలమీదుగా ఒకటే పరుగు. దారిలో గేట్లుంటాయి. మొదటి గేటు దాటేసరికి 20 మందే మిగలాలి, తర్వాత 16, 12, 8, చివరికి నలుగురు. వెనకబడినవాడు అక్కడికక్కడే బయటికి. వరసగా కుర్చీలు వేసి జనాన్ని కూర్చోబెట్టారు. నేను ఆవును ఎంచుకున్నాను. అవునండి, ఇందులో ఆవు కూడా బండి నడుపుతుంది. పాత ఆటల్లో రోడ్డు పక్కన గడ్డి మేసే ఆవును ఈసారి డ్రైవర్‌ని చేశారు. ట్రైలర్ వచ్చిన దగ్గర్నుంచి లోకమంతా ఆ ఆవు గురించే మాట్లాడుకుంది. మనం రోడ్డు మీద ఆవుల మధ్య బండి నడిపి నడిపి వచ్చినవాళ్ళం, నాకు అంత వింతగా ఏమీ అనిపించలేదు.

మొదలైంది. చుట్టూ ఎటు చూసినా బండ్లే. గుంటూరు శంకర్‌విలాస్ సెంటర్‌లో సాయంత్రం ఆరింటికి ఎలా ఉంటుందో అలా. ఎవడో తాబేలు డిప్ప విసిరాడు, పల్టీ కొట్టాను. లేచేలోపు ఇంకోడు. పట్టాల మీద బండిని ఎక్కించి జారొచ్చని, బటన్ నొక్కిపట్టి వదిలితే బండి ఎగురుతుందని ముందే చెప్పారు. నేను ఎగిరి గోడ మీద పడ్డాను. మొదటి గేటుకు 22వ స్థానంలో చేరాను. అంతే, అయిపోయింది. గంటలు గంటలు కూర్చుని ఎదురుచూసిన ఆట నాకు నిమిషం పైచిలుకు దక్కింది.

మా వాడు మాత్రం 13లో ఉన్నాడు. నా తెర మీద నాకు పనేమీ లేదు కాబట్టి వాడి తెర వైపు తిరిగాను. 16 గేటు దాటాడు. 12 దాటాడు. ఎనిమిది మందిలో పడ్డాడు. అప్పటిదాకా నేను నోరు మూసుకునే ఉన్నాను. ఎనిమిదికి చేరాక నా వల్ల కాలేదు. "ఒరేయ్ ఎడమకి రా, ఎడమకి! ఆ గోడకేసి గుద్దుతావేందిరా!" అని కుర్చీలోంచి లేచాను. వాడు "నాన్నా, స్టాప్, ప్లీజ్" అంటూనే నడుపుతున్నాడు. ఆరో స్థానంలో వచ్చి, నలుగురిలోకి చేరలేక అవుటయ్యాడు. తప్పు నాదేనని ఇవాళ్టికీ అంటాడు. కాస్త నిజమే కావచ్చు.

అప్పుడు రెండు కుర్చీల అవతల నుంచి ఒకాయన తల ముందుకు పెట్టి, "మీది గుంటూరా అండీ?" అన్నాడు.

"అవునండీ. ఎలా కనిపెట్టారు?"

"ఏందిరా అన్న తీరు బట్టి. మాది తెనాలి."

ఆయన కూడా మొదటి గేటుకే పోయాడట. వాళ్ళమ్మాయి 12 దాకా వెళ్ళిందట. పిల్లలిద్దరూ వేరే ఆట లైన్‌లోకి పరిగెత్తారు. మేం గోడ పక్కన నిలబడి అరగంట మాట్లాడుకున్నాం. దేని గురించి అంటారా? పాత వీడియో గేమ్ క్యాసెట్ల గురించి. 1995లో మా బ్రాడీపేటలో ఒక ఇంటివాళ్ళు కారు షెడ్డులో మూడు టీవీలు పెట్టి వీడియో గేమ్ షాపు నడిపేవాళ్ళు. గంటకు పది రూపాయలు, అరగంటకు ఆరు. క్యాసెట్ మీద వందల ఆటలని రాసి ఉండేది, లోపల చూస్తే అవే పదో పన్నెండో తిరిగి తిరిగి వచ్చేవి. మారియో, కాంట్రా తప్ప మాకు వేరే ఆట ఎందుకు? ఒక లైఫ్ పోతే చేతిలో ఉన్నది పక్కవాడికి ఇవ్వాలి, అదీ రూలు. ఎదురు చూసేవాడు ఊరుకోడు కదా, వెనక నిలబడి ఎడమ, కుడి అని అరుస్తూనే ఉంటాడు. నాకు ఆ అలవాటు అక్కడ పట్టిందే.

తెర మీద గీతలొస్తే క్యాసెట్ తీసి ఊదేవాళ్ళం. ఆ ఊదుడు పనిచేసేదని నేను, చేసేది కాదని తెనాలి ఆయన. క్యాసెట్‌లోకి ఊదొద్దు, నోటి తడి తగిలి పిన్నులు పాడవుతాయని నింటెండోయే చెప్పిందట, నాకూ తెలుసు. కానీ మా షాపులో పనిచేసేది. తీసి మళ్ళీ పెట్టినప్పుడు సరిగ్గా కుదిరేది గానీ ఊదినందుకు కాదు అంటాడాయన. అరగంటలో తేలలేదు. ఈ వాదన వల్ల మెట్రాయిడ్ అనే ఇంకో ఆట లైన్‌లో మా ముందు ఇంకో నలభై మంది చేరారు.

మీ ప్రశ్నకు పనికొచ్చేది ఇక్కడుంది చూడండి. ఆ రోజు నాకు అన్నిటికంటే నచ్చింది మెట్రాయిడ్ ప్రైమ్ 4. ఈ ఆటను 2017లో ప్రకటించారు. 2019 జనవరిలో, అనుకున్నట్టు రావడం లేదని చెప్పి, చేసిందంతా పక్కన పెట్టి రెట్రో స్టూడియోస్ చేత మళ్ళీ మొదటినుంచి చేయించారు. ఆ స్టూడియో ఉన్నది ఆస్టిన్‌లో, మా ఇంటి నుంచి కారులో మూడు గంటలు. పక్క ఊరి బియ్యం అన్నట్టు నాకు దాని మీద కొంచెం అభిమానం. డెమోలో శత్రువులు విరుచుకుపడిన స్థావరంలో కాల్చుకుంటూ వెళ్ళి చివర్లో ఒక బాస్‌ను, అంటే పెద్ద శత్రువును, పడగొట్టాలి. కంట్రోలర్‌ను బల్ల మీద పక్కకు ఆనించి జరిపితే అదే మౌస్ అయిపోతుంది, పైకెత్తితే మళ్ళీ కంట్రోలర్. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మార్చక్కర్లేదు. రోజుకు పది గంటలు మౌస్ పట్టుకునే చెయ్యి ఇది, మొదటిసారే గురి తప్పలేదు. బాస్ ఒక్క ప్రయత్నంలో పడిపోయాడు. "ఈ ఏడాది ఆట ఇదే" అని కారులో తిరిగి వస్తూ మా బావమరిదికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

2025 డిసెంబర్ 4న వచ్చింది, కొన్నాను. డెమోలో చూసింది ఆట మొదలే. ఆ తర్వాత అసలు ఆటలో పెద్ద ఎడారి ఒకటుంది, ఒక చోటి నుంచి ఇంకో చోటికి దాని మీదుగా బైక్ నడుపుకుంటూ పోవాలి. ఖాళీ ఇసుక. పైగా మొదట్లో ఒక సైనిక ఇంజనీరు వెంట తగులుకుని, అటు వెళ్ళు, ఇది చూడు అని చెవిలో పోరు పెడతాడు. మెట్రాయిడ్ అంటే ఒంటరిగా తిరగడమే కదండీ దాని రుచి! ఆట మొత్తం చెడ్డదని అనను, గుహల్లో, కొలిమిలో తిరిగే భాగాలు చాలా బాగా చేశారు. కానీ నాకు చూపించిన గాటులో ఎడారి లేదు, ఆ వాగుడుకాయ కూడా లేడు. మూడు గంటలు లైన్‌లో నిలబడి ఆడినా తెలిసేది కాదు.

ఇంకొకటి డ్రాగ్ ఎక్స్ డ్రైవ్. రెండు చేతుల్లో రెండు కంట్రోలర్లు, రెండూ మౌసులే. వాటిని బల్ల మీద ముందుకు తోస్తే చక్రాల కుర్చీ కదులుతుంది. ముగ్గురు ముగ్గురు చొప్పున బాస్కెట్‌బాల్. చెయ్యి పైకెత్తి విసిరితే బంతి బుట్టలోకి. పది నిమిషాలు నేను, మా వాడు, తెనాలి ఆయన, వాళ్ళమ్మాయి చెమటలు పట్టేలా ఆడాం, నవ్వుకున్నాం. మర్నాడు భుజాలు పైకి లేవలేదు, మా ఆవిడ బామ్ రాస్తూ "దీనికి డబ్బులు కూడా ఇస్తారా, తీసుకుంటారా" అంది. ఆగస్టులో 20 డాలర్లకు వచ్చింది. ఒక వారం ఆడాం. ఎనిమిదో రోజు ఎవరూ అడగలేదు. ఆ పది నిమిషాల్లో చూసిందే ఆట మొత్తం, అంతకు మించి లోపల లేదు.

డాంకీ కాంగ్ బనాంజా సంగతి చెప్పకపోతే అన్యాయం. అందులో నేల, గోడ, కొండ ఏదైనా గుద్ది పగలగొట్టొచ్చు. ముందుకు, పైకి, కిందికి కొట్టడానికి వేరువేరు బటన్లు. అటు వెళ్ళమని ఆట చెబుతుంటే నేను నేలలోకి తవ్వుకుంటూ పోయాను. ఎక్కడ ఆట తెగిపోతుందో చూడాలనేది నా ఉద్యోగ జబ్బు. తెగలేదు. "అరటిపండ్ల కోసం ఇంత విధ్వంసమా" అనుకుని, పది నిమిషాలకు మించి ఆడితే విసుగొస్తుందని అక్కడే తీర్పు చెప్పేశాను. జూలై 17న వచ్చింది. మా వాడి పోరు పడలేక కొన్నాను. ఇంట్లో నలుగురం వంతులేసుకుని చివరిదాకా ఆడిన ఆట అదొక్కటే. అక్టోబర్‌లో మా అమ్మ వచ్చినప్పుడు ఆమె కూడా సోఫాలో కూర్చుని "ఆ మూల ఇంకా మిగిలింది, కొట్టరా" అనేది.

అంటే మూడు ఆటల మీద మూడు తీర్పులిచ్చాను, మూడూ తప్పాయి. అయినా నాకొక పద్ధతి కుదిరింది, అది మాత్రం తప్పదని నా నమ్మకం. మీరు ఆడకండి. ఆడి బయటికొచ్చేవాళ్ళ ముఖాలు చూడండి. పక్కవాడితో మాట్లాడుతూ వచ్చే ఆట మంచిది. ఫోన్ తీసి చూసుకుంటూ వచ్చే ఆట వద్దు. డాంకీ కాంగ్ దగ్గర జనం చేతులు ఊపుతూ వచ్చారు, నేను పట్టించుకోలేదు.

ధర సంగతి వేరే గోల. 2025లో మారియో కార్ట్ వరల్డ్ విడిగా కొంటే 80 డాలర్లు, కన్సోల్‌తో కలిపి 500 ఉండేది. కన్సోల్ ఎలా వాడాలో చూపించే వెల్కమ్ టూర్‌ను కూడా పది డాలర్లకు అమ్మారు. మిక్సీ కొంటే దాని పుస్తకానికి వేరే డబ్బు అడిగినట్టు. ఇక మన దేశంలో నింటెండో నేరుగా అమ్మదు కాబట్టి, మా బావమరిది సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో బిల్లు లేని సరుకు చూసి బెదిరి, "బావా, వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా" అంటాడు. నాకే ఆగస్టు దాకా దొరకలేదు మహాప్రభో.

తెనాలి ఆయన ఇప్పుడు శనివారం రాత్రుళ్ళు పిల్లలు పడుకున్నాక ఆన్‌లైన్‌లోకి వస్తాడు. కంట్రోలర్ మీద సీ బటన్ నొక్కితే మాట్లాడుకోవచ్చు. ఇద్దరం నాకౌట్ టూర్ ఆడతాం. ఇద్దరం ఇంకా రెండో గేటు దాటలేదు. ఊదితే పనిచేసేదా లేదా అన్నది కూడా తేలలేదు.