ఇంటర్నెట్ కేబుల్‌కి ప్లగ్గు వేయడానికి మనిషిని పిలవాలా?

తమ్ముడూ, పిలవకు. ఇక్కడ పనివాడు గుమ్మం తొక్కాడంటే ఐదు నిమిషాల పనికైనా గంట కూలి కట్టాల్సిందే. వచ్చిన కొత్తలో ఆ లెక్క తెలియక చేతులు కాల్చుకున్నవాణ్ణి.

ముందు నేనే కూర్చున్నాను. కేబుల్ లోపలి ఎనిమిది వైర్ల తొడుగూ బ్లేడుతో ఒలిచాను. అక్కర్లేదు నాయనా! పైతొడుగు తీస్తే చాలు. క్రింపింగ్ టూల్ (ప్లగ్గుని నొక్కి బిగించే పట్టకారు) నొక్కగానే ప్లగ్గులోని పిన్నులే చీల్చుకెళ్లి రాగిని పట్టుకుంటాయి. ఒకసారి నొక్కిన ప్లగ్గు మళ్లీ పనికిరాదు. అలా అరడజను చెత్తబుట్టలో పోశాను.

అసలు ఖర్చు తర్వాత తగిలింది. ఆ ఎనిమిది వైర్లూ రెండేసి మెలిపడిన నాలుగు జతలు. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ, ఏ జతకాజత పక్కపక్కనే పేర్చి రెండు కొసలా అలాగే నొక్కాను. కేబుల్ టెస్టర్లో ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి. నెట్ మాత్రం నత్తనడక. రౌటర్ పోయిందనుకుని కొత్తది కొన్నాను. అదే నత్త. చివరికి పనివాణ్ణి పిలిస్తే, సంచి కూడా విప్పకుండా ప్లగ్గుని వెలుతురుకెత్తి చూసి నవ్వాడు. 3, 6 పిన్నులు ఒక జతట. నేను 3లో ఆకుపచ్చ జత వైరూ 6లో నీలమూ పెట్టాను. ఒకదానికొకటి మెలిపడని వైర్లలో సిగ్నల్ నడిస్తే పక్క జతల గోల అంతా అందులోకి వస్తుంది. టెస్టర్‌కి ఆ సంగతి తెలీదు. వైరు ఈ కొస నుంచి ఆ కొసకి చేరిందా అన్నదే చూస్తుంది.

ప్లగ్గు క్లిప్పు కిందికి, వైర్లు దూర్చే రంధ్రం నీ వైపుకి పెట్టుకో. ఎడమ నుంచి 1 మొదలు 8 దాకా: తెలుపు-నారింజ (తెలుపు మీద నారింజ గీత), నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఈ వరసని 568బి అంటారు. మెలి అర అంగుళానికి మించి విప్పకు. పైతొడుగు ప్లగ్గు లోపలిదాకా వెళ్లాలి, లేకపోతే లాగినప్పుడల్లా ఊడుతుంది. కొనేముందు కేబుల్ ఒంటి తీగదో, పోగుల తీగదో చూసుకో, ప్లగ్గులు వేరు.

ఫోను వైరుకి టూల్లోని చిన్న గాడి. ఒక లైనుకి మధ్య రెండు పిన్నులే చాలు. లైను ఊడదీశాకే వైరు ముట్టుకో, రింగ్ వచ్చిందంటే షాక్ కొడుతుంది. గోడకి చిల్లులు కొట్టే ముందు ఓనరు పర్మిషన్, అద్దె కాగితం చూసుకో.

అన్నట్టు, పోయిందనుకున్న ఆ పాత రౌటరే ఇప్పటికీ మా హాల్లో నడుస్తోంది. కొత్తది డబ్బాలో ఉంది.