బాపు రివాల్వర్: మార్పించాలా, ఇంకోటి కొనాలా?

(ఈ శీర్షికలో జవాబులిచ్చేది భారత సైన్యం ఈఎంఈ విభాగంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసే పనివాడిగా పనిచేసి, ఇప్పుడు హనుమకొండలో స్థిరపడిన మాజీ సైనికుడు.)

ప్రశ్న: సార్, నమస్తే. మాది నర్సంపేట. ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి, పత్తి అడ్తి నడుపుతున్న. మా బాపుకు 1999ల లైసెన్సు వచ్చింది. 2001ల కాన్పూర్‌ల తయారైన .32 రివాల్వర్ కొన్నడు. ఆయనకు 70 దాటినంక నేను నా పేరు మీద లైసెన్సు తీసుకున్న, రివాల్వర్ నా దగ్గరికి వచ్చింది. దాని ట్రిగ్గర్ మస్తు గట్టిగున్నది, గుంజుతుంటే చెయ్యి కిందికి పోతున్నది. పిడి నా చేతికి చిన్నది. బ్యారెల్ ఇంకో వేలెడు పొట్టిగుంటే నడుముకాడ బాగుండు అనిపిస్తది. లేత్ పని తెలిసిన ఒకాయన స్ప్రింగు వదులు చేసి, బ్యారెల్ కోసి, కొత్త పిడి పెట్టి పదివేలల్ల ఇస్తనంటున్నడు. మా ఇంటామె మాత్రం పాతదాని మీద పైసలు పెట్టకు, ఇంకోటి కొను అంటది. పోయిన నెల హైదరాబాద్ రేంజిల 12 రౌండ్లు కాలిస్తే రెండు పేలలే. పక్కన నిలబడ్డ మా బావమరిదికి చెంప మీద రెండుసార్లు చురుక్కుమన్నది. మందు పొడి అయివుంటదని ఊకున్నం. బాపు తుపాకి కాబట్టి అమ్మబుద్ధి అయితలేదు. ఏం చేయాలె?

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరంలో మీరు అన్నిటికంటే తక్కువ పట్టించుకున్న మాట మీ బావమరిది చెంప. చదువుతూ నేను అక్కడే ఆగిపోయాను. ట్రిగ్గర్, పిడి, బ్యారెల్ సంగతి తర్వాత. ముందు ఈ ఒక్క పని చేయండి: తూటాలన్నీ తీసేసి రివాల్వర్ బీరువాలో పెట్టండి. పనితెలిసినవాళ్లు చూసేదాకా దానితో ఒక్క రౌండ్ కూడా కాల్చొద్దు.

ఎందుకో చెప్తాను. రివాల్వర్‌లో తూటాలుండే సిలిండర్ వేరు, బ్యారెల్ వేరు. రెండింటి మధ్య సన్నటి సందు ఉంటుంది. తూటాను కొట్టే సుత్తి, అంటే హ్యామర్, పడే క్షణానికి సిలిండర్‌లోని గది సరిగ్గా బ్యారెల్ వెనక నోటికి ఎదురుగా వచ్చి నిలవాలి. దాన్ని తిప్పే కొక్కెం, ఆపే ముక్క అరిగితే సిలిండర్ వెంట్రుకవాసి ముందో వెనకో ఆగుతుంది. అప్పుడు గుండు నేరుగా బ్యారెల్‌లోకి పోకుండా దాని అంచుకు రాసుకుంటుంది. మీరు వాడే .32 గుండు సీసంది, మెత్తనిది. అంచుకు తగిలి చెక్కుకుపోతుంది, ఆ పలుకులు సందులోంచి పక్కకు చిమ్ముతాయి. రివాల్వర్ ఎంత మంచిదైనా ఆ సందులోంచి కొంత వేడి గాలి, పొడి వస్తూనే ఉంటాయి, అందుకే పక్కన ఎవరినీ నిలబెట్టొద్దంటాం. కానీ చురుక్కుమని గుచ్చుకున్నట్టు తగిలితే అది పొడి కాకపోవచ్చు, సీసమని అనుమానించాలి. రెండుసార్లు తగిలిందన్నారు. అది చెంపకు కాకుండా కంటికి తగిలివుంటే మీరు నాకు వేరే ఉత్తరం రాసేవారు.

పేలని రెండు రౌండ్ల గురించి నాకు రెండు అనుమానాలున్నాయి. ఒకటి తూటాలు. మీ బాపు వాటిని తోలు బెల్టులోనే ఉంచేవారేమో అడగండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది. మన దగ్గర వానాకాలం నాలుగు నెలలు తూటా తోలులో ఉందంటే ఇత్తడి మీద పచ్చటి చిలుము పడుతుంది. చిలుము పట్టిన తూటాను నేను గుడ్డతో తుడిచి వాడమని ఎప్పుడూ చెప్పలేదు, పక్కన పెట్టమనే చెప్పాను. రెండోది స్ప్రింగు. పాతికేళ్లలో ఎవరో ఒకసారి దాన్ని వదులు చేసి ఉంటే హ్యామర్ దెబ్బ చాలదు, తూటాను పేల్చే సూది దాని అడుగును లోతుగా తాకదు. పేలని ఆ రెండు తూటాలు పారేయకపోతే వాటి అడుగు చూడండి. గుంట మిగతావాటికంటే పైపైన ఉంటే తప్పు తూటాది కాదు, తుపాకిది. ఇప్పటికే దెబ్బ చాలని రివాల్వర్‌కు స్ప్రింగు ఇంకా వదులు చేయిస్తానంటున్నారు మీరు. పేలనివి రెండు కాదు, ఆరు అవుతాయి.

ట్రిగ్గర్ గట్టిదనం గురించి నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. 1982లో నేను కొత్త కుర్రాణ్ని, సికింద్రాబాద్ తిరుమలగిరిలో పని నేర్చుకుని యూనిట్‌కు వెళ్లిన మొదటి ఏడాది. ఒక రివాల్వర్ ట్రిగ్గర్ గరుకుగా ఉందని, కొంచెం నునుపు చేయమని ఇచ్చారు. హ్యామర్‌ను పట్టి ఉంచే గాడి మీద సన్నరాయితో రుద్దాను. ఎంత రుద్దానో తెలుసా, కంటికి తేడా కనబడనంత. వేలు పెడితే వెన్నలా జారింది, సంబరపడ్డాను. మా ఉస్తాద్ దాన్ని ఖాళీ చేసి, హ్యామర్ పూర్తిగా ఎత్తి, అరచేత్తో పక్కనుంచి ఒక్కటి చరిచారు. ట్రిగ్గర్‌ను ఎవరూ ముట్టుకోకుండానే హ్యామర్ టక్కున పడిపోయింది. ఆయన నన్ను తిట్టలేదు. 'లోపల తూటా ఉంటే ఇప్పుడు ఎవరి దిక్కు తిరిగి ఉంది ఇది?' అని మాత్రం అడిగారు. అది నా పొట్ట దిక్కు తిరిగి ఉంది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఎవరి తుపాకిలోనూ ఆ గాడిని నేను రాయితో ముట్టుకోలేదు. అరిగితే భాగం మార్చాలి, అంతే.

అసలు ట్రిగ్గర్ గట్టిగా ఎందుకుంటుంది? హ్యామర్ ఎత్తకుండా నేరుగా గుంజినప్పుడు మీ ఒక్క వేలే సిలిండర్‌ను తిప్పుతుంది, హ్యామర్‌ను లేపుతుంది, మళ్లీ వదులుతుంది. మూడు పనులకు అయ్యే బలం అది. నడుముకు కట్టుకుని మార్కెట్ జనంలో తిరిగే ఆయుధానికి ఆ బరువు మొదటి కంచె. ఇక మీ చెయ్యి కిందికి పోవడం తుపాకి తప్పు కాదు. 12 రౌండ్లతో ఎవరికీ చెయ్యి కుదరదు. బాగున్న రివాల్వర్ దొరికాక డమ్మీ రౌండ్లు, అంటే మందు లేని ఉత్తుత్తి తూటాలు, వేసుకుని, గోడ దిక్కు పెట్టి, వేలి మొదటి కణుపు మెత్తతో నిదానంగా వెనక్కి గుంజడం రోజుకు పది నిమిషాలు చేయండి. నెల తర్వాత ట్రిగ్గర్ గట్టిగా ఉందని మీరే అనరు.

బ్యారెల్ కోయడం గురించి మాత్రం నేను మెత్తగా చెప్పలేను. ఆ లేత్ ఆయన మంచివాడే కావచ్చు, పని కూడా శుభ్రంగా చేస్తాడేమో. కానీ 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం, అందుకు ప్రత్యేకంగా లైసెన్సు లేకుండా బ్యారెల్ పొట్టి చేయడమే నేరం. తుపాకికి మీ దగ్గర లైసెన్సు ఉండటం ఇక్కడ అక్కరకు రాదు. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. మరమ్మతు కూడా అంతే, 5వ సెక్షన్ కింద లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి. వేలెడు బ్యారెల్ కోసం మీరు, పదివేల కోసం ఆయన, ఇద్దరూ జైలుకు పోతారు. ఆయనకు ఈ సంగతి తెలియకపోవచ్చు, మీరే వెళ్లి చెప్పండి. పైగా బ్యారెల్ కోస్తే ముందున్న గురి చూసే ముక్క కూడా పోతుంది. ఆ మొద్దు ఎవరి దిక్కు చూస్తుందో మీకే తెలియదు.

పిడి విషయంలో మీ కోరిక న్యాయమైనది. బస్తాలు ఎత్తిన చెయ్యి మీది, ఆ సన్న పిడిలో చిటికెనవేలు గాలిలో ఉంటుంది. పక్కల చెక్కలు మందంగా ఉన్నవి లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గర వేయించుకుని రసీదు తీసుకోవచ్చు. మీరడిగిన మూడింటిలో నేను ఒప్పుకునేది ఇదొక్కటే, అది కూడా రివాల్వర్ పరీక్షలో నిలిస్తేనే.

ఆ పరీక్ష ఏమిటో చెప్తాను, గన్‌స్మిత్ పక్కన నిలబడి చూడండి. మీది వెబ్లీ అనే పాత బ్రిటిష్ రివాల్వర్ల వంశం. బ్రిటిష్ సైన్యం 1887లో తీసుకున్న వెబ్లీల్లాగే బొటనవేలితో గడియ నొక్కితే బ్యారెల్ ముందుకు వంగి తెరుచుకుంటుంది. తూటా పేలినప్పుడు వచ్చే తోపు అంతా పైన ఆ గడియ, కింద కీలు మీదే పడుతుంది. ఖాళీ రివాల్వర్‌ను మూసి, ఒక చేత్తో పిడి, ఇంకో చేత్తో బ్యారెల్ పట్టుకుని కదిపితే టకటకలాడొద్దు. తర్వాత హ్యామర్ పడి ఉండగా ట్రిగ్గర్ వెనక్కి పట్టుకునే సిలిండర్‌ను అటూ ఇటూ తిప్పి, ముందుకూ వెనక్కూ నెట్టి చూస్తారు. ఆరు గదులకూ ఆరుసార్లు చూడాలి, ఒక్క గది దగ్గరే తేడా ఉండొచ్చు. తర్వాత బ్యారెల్ నోటి లోపల సీసం ఒక పక్కే పేరుకుందా, లోపల తుప్పు గుంటలు ఉన్నాయా అన్నది. గుంటలుంటే నాకు ఆశ్చర్యం లేదు. 2023 నవంబరు అసెంబ్లీ ఎన్నికలకు, 2024 మేలో పార్లమెంటు ఎన్నికలకు లైసెన్సుదారులు ఆయుధాలు పోలీసుల దగ్గర డిపాజిట్ చేశారు. తోలు కవరులోనే చుట్టి, నూనె లేకుండా ఇచ్చి, వారాల తర్వాత తెచ్చుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. ఇకముందు ఇచ్చేటప్పుడు లోపల బయట పలుచగా నూనె పట్టించి, తోలు లేకుండా పొడి గుడ్డలో ఇవ్వండి.

కొక్కెమో స్ప్రింగో మాత్రమే అరిగిందని తేలితే, అసలు భాగమే దొరికితే మార్పించండి. అది మరమ్మతు, దానికి నేను సరేనంటాను. కీలు వదులైనా, గడియ కూర్చోకపోయినా, బ్యారెల్ నోరు పగిలినా దాని మీద ఒక్క రూపాయి పెట్టొద్దు. మీరు రాసిన లక్షణాలు చూస్తే నా మనసు మీ ఇంటామె వైపే మొగ్గుతోంది.

ఇంకోటి కొంటే ఏది? సెకండ్‌హ్యాండ్‌ది చవకగా వస్తే ఇవే పరీక్షలు దానికీ చేయించండి. నంబరు చెరిగినట్టు, మళ్లీ కొట్టినట్టు కనబడితే చేత్తో కూడా ముట్టుకోకండి. కొత్తవాటిలో 2014లో వచ్చిన నిర్భీక్ టైటానియం మిశ్రమంతో 500 గ్రాములే ఉంటుంది. నడుముకు హాయి, కానీ తేలిక తుపాకి చేతిలో ఎక్కువ ఎగురుతుంది. మీలా కొత్తగా నేర్చుకునేవారికి నేను చెప్పను. 2023లో కాన్పూర్ నుంచే వచ్చిన ప్రబల్ దాదాపు 700 గ్రాములు, బ్యారెల్ 76 మిల్లీమీటర్లు. దీని సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, అంటే ఫ్రేము మధ్యలో విరగదు, వదులయ్యే ఆ కీలు ఉండదు. మీ పనికి నేనైతే దాని వైపు చూస్తాను. అయితే కొనేముందు చేతిలో పట్టుకోండి. నా చేతికి కుదిరింది మీ చేతికి కుదరాలని లేదు.

బాపు తుపాకి సంగతి. 2019 నుంచి ఒక మనిషికి రెండు ఆయుధాలే. లైసెన్సు ఇచ్చిన అధికారి, మీకైతే వరంగల్ పోలీస్ కమిషనరేట్, రెండోదానికి అనుమతిస్తే పాతది ఉంచుకునే కొత్తది కొనొచ్చు. కానీ కాల్చడానికి పనికిరానిది ఒక చోటు ఆక్రమిస్తుంది, ప్రతి ఎన్నికకూ మోసుకుపోవాలి, రెన్యువల్‌లో చూపించాలి. అమ్మాలంటే ముందుగా రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి, కొనేవారికి లైసెన్సు ఉండాలి, మీరు గమనించిన లోపం వాళ్లకు దాచకుండా చెప్పాలి. ఈ నిర్ణయం మీరొక్కరే చేయకండి. గన్‌స్మిత్ రాసిచ్చిన కాగితం తీసుకెళ్లి బాపు ముందు కూర్చోండి, బావమరిది చెంప మాట కూడా చెప్పండి. ఆ మాట విన్న పెద్దమనిషి ఏమంటాడో నాకు తెలుసు. అయినా ఆయన నోటి నుంచే రావాలి.

గన్‌స్మిత్ దగ్గరికి పోయేటప్పుడు లైసెన్సు వెంట ఉంచుకోండి, రివాల్వర్, తూటాలు వేర్వేరు సంచుల్లో పెట్టండి. పేలని తూటాలు దొరికితే వాటినీ తీసుకెళ్లండి. ఆరు గదుల్లో ఏ గది దగ్గర సిలిండర్ కదిలిందో నాకు రాయండి.